గంటా గారి ఆరు విజయాలు, మూడేళ్ళ రాజీనామా: ఓటరుకు లెక్క చెప్పినట్టేనా?

ఉత్తరం ఓటరు, అక్కయ్యపాలెం:

గంటా శ్రీనివాసరావు గారి రాజకీయ ప్రస్థానం గురించి విశాఖ ఉత్తరం నియోజకవర్గంలోని మా వీధిలో నలుగురం కలిసినప్పుడల్లా వాదన రెండు మాటల దగ్గరే ఆగిపోతోంది. ఆయన ఓటమి ఎరగని నాయకుడని ఒకరంటారు, వరుసగా రెండుసార్లు ఒకే చోట నిలబడని నాయకుడని మరొకరంటారు. రెండూ నిజమే కాబట్టి ఎవరూ ఎవరినీ ఒప్పించలేకపోతున్నారు. అందుకే ఈ విషయాన్ని ఇక్కడ పెడుతున్నాను.

తెలియని వారి కోసం వరుస చెబుతాను. 1999లో తెలుగుదేశం తరఫున అనకాపల్లి నుంచి లోక్‌సభకు, 2004లో అదే పార్టీ తరఫున చోడవరం నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. 2009లో ప్రజారాజ్యం అభ్యర్థిగా అనకాపల్లి శాసనసభ స్థానంలో గెలిచారు. 2011లో ఆ పార్టీ కాంగ్రెస్‌లో విలీనమయ్యాక కిరణ్‌కుమార్ రెడ్డి గారి మంత్రివర్గంలో మంత్రి అయ్యారు. 2014లో తిరిగి తెలుగుదేశంలోకి వచ్చి భీమిలిలో గెలిచి, చంద్రబాబు నాయుడు గారి ప్రభుత్వంలో మానవ వనరుల అభివృద్ధి శాఖ చూశారు. 2019లో మా విశాఖ ఉత్తరంలో 1,944 ఓట్ల తేడాతో బయటపడ్డారు. 2024లో మళ్ళీ భీమిలికి వెళ్ళి 92,401 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు.

పార్టీ మారడం మీద నాకు పెద్ద అభ్యంతరం లేదు, ఈ రాష్ట్రంలో అది ఆయన ఒక్కరితో మొదలైంది కాదు. నా బాధ వేరే. ఐదేళ్ళు పనిచేసిన మనిషి ఐదో ఏడు నిండగానే అదే గుమ్మం ముందుకు వచ్చి నిలబడాలి, ఎందుకంటే సామాన్య ఓటరు చేతిలో ఉన్న తూకం అదొక్కటే. చోడవరం వాళ్ళకు 2009లో, అనకాపల్లి వాళ్ళకు 2014లో, భీమిలి వాళ్ళకు 2019లో, మా ఉత్తరం వాళ్ళకు 2024లో ఆ తూకం పట్టే అవకాశమే రాలేదు. ఇదే నగరంలో వెలగపూడి రామకృష్ణబాబు గారు 2009 నుంచి నాలుగు ఎన్నికలూ తూర్పు నియోజకవర్గంలో ఒకే పార్టీ నుంచి పోటీ చేసి గెలిచారు. గాజువాకలో పల్లా శ్రీనివాసరావు గారు 2014లో గెలిచి, 2019లో ఓడి, ఓడిన చోటనే ఉండి, 2024లో 95,235 ఓట్ల ఆధిక్యంతో తిరిగి గెలిచారు. అంటే ఒకే చోట నిలబడటం అసాధ్యమేమీ కాదు.

దీనికి తోడు ఉక్కు కర్మాగారం కోసం 2021లో ఆయన చేసిన రాజీనామా వ్యవహారం ఉంది. దాని గురించి తర్వాత రాస్తాను, ముందు మీ అభిప్రాయాలు చెప్పండి.

నిర్వాహకుడు:

ఒక్క సూచన. న్యాయస్థానంలో రుజువు కాని ఆరోపణలను ఎవరి మీదా ఇక్కడకు తేవద్దు. ఎన్నికల ఫలితాలు, బహిరంగ ప్రకటనలు, చట్టం, ఈ మూడింటితోనే చర్చ జరగనివ్వండి.

మధురవాడ గృహిణి:

ఉత్తరం ఓటరు గారు చెప్పిన వరుసలో తప్పు లేదు కానీ దాని నుంచి తీసిన నిర్ణయం సగమే సరైనదని నాకనిపిస్తోంది. మా భీమిలి వాళ్ళకు తూకం పట్టే అవకాశం రాలేదన్నారు. వచ్చింది, 2024లో వచ్చింది. 2014 నుంచి 2019 దాకా ఇక్కడ శాసనసభ్యుడిగా, మంత్రిగా ఉన్న మనిషి ఐదేళ్ళ విరామం తర్వాత అదే ఓటర్ల ముందుకు వచ్చారు. అదీ పార్టీ పంపితే వచ్చినది కాదు. చీపురుపల్లిలో బొత్స సత్యనారాయణ గారి మీద పోటీ చేయమని పార్టీ అడిగిందని, తనకు మాత్రం భీమిలి కావాలని ఆయన అప్పట్లో బహిరంగంగానే చెప్పారు. లెక్క తప్పించుకోవాలని చూసే మనిషే అయితే కొత్త చోటుకు వెళ్ళమని పార్టీయే చెబుతుంటే సంతోషంగా వెళ్ళేవారు కదా!

2024 మే 13న మా పోలింగ్ కేంద్రంలో నేను గంటన్నర వరుసలో నిలబడ్డాను. ఎండ మండిపోతోంది, బడి వరండా నీడ చాలక సగం మందిమి కొంగులు నెత్తిన కప్పుకుని నిలబడ్డాం. నా ముందు పద్మనాభం వైపు నుంచి వచ్చి కొడుకు దగ్గర ఉంటున్న ఒక ముసలమ్మ ఓటరు చీటీని మడతలు విప్పి మళ్ళీ మళ్ళీ చూసుకుంటోంది. ఎవరికి వేస్తావమ్మా అని ఎవరూ అడగకుండానే, "ముందర మంత్రిగా సేసినోడే కదా, సూసినోడే కదా" అంది. ఆమె ఎవరికి వేసిందో నాకు తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. కానీ ఆమె గుర్తుంచుకుని, పాత ఐదేళ్ళను మనసులో పెట్టుకుని వేసింది. తూకం అంటే అదే కాదా?

ఇంకో మాట. గంటా గారు ప్రకాశం జిల్లా నుంచి వచ్చినవాడని, స్థానికుడు కాడని కొందరు అంటుంటారు. విశాఖపట్నం ఆ మాట అనగలిగిన ఊరు కాదు. ఓడరేవుకు, నౌకాదళానికి, షిప్‌యార్డుకు, ఉక్కు కర్మాగారానికి పనికోసం వచ్చినవాళ్ళతోనే ఈ నగరం పెరిగింది. నెల్లూరు జిల్లాకు చెందిన సుబ్బరామిరెడ్డి గారిని, జనార్దనరెడ్డి గారిని మన లోక్‌సభ సభ్యులుగా పంపుకున్నాం.

చోడవరం మాస్టారు:

నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి, ఇప్పుడు మా అమ్మాయి దగ్గర పెందుర్తిలో ఉంటున్నాను. ఇక్కడ అందరూ నగరం గురించే మాట్లాడుతున్నారు కాబట్టి చోడవరం మాట కూడా ఒకటి చెప్పాలి.

మా నాన్నగారికి ఒక అలవాటు ఉండేది. ఎన్నికల ప్రచారంలో మా ఊరి రచ్చబండ దగ్గర అభ్యర్థులు చెప్పే హామీలను ఆయన పాల లెక్కల పుస్తకం వెనుక పేజీల్లో, తేదీ వేసి, పెన్సిలుతో రాసుకునేవారు. పార్టీ భేదం లేదు, ఎవరు వచ్చినా రాసేవారు. ఐదేళ్ళకు మళ్ళీ ప్రచారం వచ్చినప్పుడు ఆ పేజీ తెరిచి, జరిగిన వాటి పక్కన అడ్డగీత, జరగని వాటి పక్కన సున్నా పెట్టి, పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్ళి ముందు వరుసలో కూర్చునేవారు. చాలాసార్లు అడిగేవారు కూడా కాదు, ఆ పుస్తకం కనిపిస్తే చాలు. 2009లో ఆ పుస్తకం పట్టుకుని వెళ్ళినప్పుడు వేదిక మీద ఉన్నవాళ్ళలో 2004లో గెలిచినవారు లేరు, ఆయన అనకాపల్లిలో వేరే పార్టీ అభ్యర్థిగా ఉన్నారు. నాన్నగారు కోప్పడలేదు. ఇంటికి వచ్చి ఆ పేజీలో అడ్డగీతలూ సున్నాలూ పెట్టకుండానే వదిలేశారు. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరే ఉంది, ఆ పేజీ అలాగే ఉంది.

మధురవాడ అమ్మాయి గారు చెప్పిన తీర్పు భీమిలికి దొరికిందేమో, ఒప్పుకుంటాను. అయితే అనకాపల్లి లోక్‌సభ పరిధిలో ఐదేళ్ళు ఎంపీగా ఉండి, ఆ పరిధిలోని చోడవరానికి ఎమ్మెల్యేగా వచ్చారు కాబట్టి 2004 కూడా ఒక రకమైన తీర్పేనని ఎవరైనా వాదించవచ్చు. ఆ మాట నేనే ముందుగా చెబుతున్నాను. కానీ ఎంపీ పని వేరు, ఎమ్మెల్యే పని వేరు. చెరువు గట్టుకు, బడి గదికి, ఊరి రోడ్డుకు మేము అడిగేది ఎమ్మెల్యేనే. 2009లో నియోజకవర్గాల పునర్విభజన జరిగింది కాబట్టి నాయకులు చెదిరిపోయారని అప్పట్లో అన్నారు. కొన్ని చోట్ల అది నిజమే. చోడవరం మాత్రం చోడవరంగానే ఉంది.

లాసన్స్ బే న్యాయవాది:

చర్చ ఇంతవరకు నైతికత మీద నడిచింది, చట్టం కూడా చూద్దాం. నియోజకవర్గం మార్చుకోవడాన్ని మన రాజ్యాంగం ఎక్కడా తప్పుపట్టలేదు. రాష్ట్రంలో ఎక్కడ ఓటరుగా నమోదైనవారైనా అదే రాష్ట్రంలోని ఏ జనరల్ స్థానం నుంచైనా శాసనసభకు పోటీ చేయవచ్చు. 1985లో 52వ సవరణతో వచ్చిన పదో షెడ్యూలు, అంటే ఫిరాయింపు నిరోధక చట్టం, ఒక పార్టీ మీద గెలిచి, పదవిలో ఉండగా ఆ పార్టీని వదిలిపెట్టడాన్ని శిక్షిస్తుంది, మూడింట రెండు వంతుల సభ్యులు ఒప్పుకున్న విలీనాన్ని మినహాయిస్తుంది. 2011 నాటి విలీనం పార్టీ మొత్తానిది, 2014లో చేరిక ఎన్నికల ముందు జరిగింది. గంటా గారి ప్రస్థానంలో ఫిరాయింపు నిరోధక చట్టం కింద నిలిచే కేసు నాకు ఒక్కటీ కనబడదు.

దీన్ని పక్క నియోజకవర్గంతో పోల్చండి. 2019లో విశాఖ నగరంలోని తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం నాలుగు స్థానాలూ తెలుగుదేశం గెలిచింది, రాష్ట్రంలో ఆ పార్టీకి వచ్చినవి 23 మాత్రమే. దక్షిణంలో గెలిచిన వాసుపల్లి గణేష్ కుమార్ గారు 2020లో అప్పటి అధికార పక్షం వైఎస్సార్ కాంగ్రెస్ వైపు వెళ్ళారు. ఆయన రాజీనామా చేయలేదు. అనర్హత నిర్ణయం వచ్చింది 2024 ఫిబ్రవరిలో, అంటే పదవీకాలం దాదాపు అయిపోయాక. మణిపూర్ శాసనసభ్యుడి ఫిరాయింపు కేసులో 2020లోనే సుప్రీంకోర్టు అనర్హత పిటిషన్లను సాధారణంగా మూడు నెలల్లో తేల్చాలని చెప్పింది, మన దగ్గర మూడేళ్ళకు పైగా పట్టింది. ఉత్తరం ఓటరు గారికి కోపం రావాల్సిన చోటు ఇదని నా మనవి. పదవిలో ఉండి పక్షం మారినవారికి, పదవీకాలం ముగిశాక ప్రజల ముందుకు వేరే జెండాతో వెళ్ళినవారికి మధ్య తేడా చాలా పెద్దది.

ఉత్తరం ఓటరు, అక్కయ్యపాలెం:

న్యాయవాది గారూ, చట్టం తప్పుపట్టలేదన్నంత మాత్రాన ఓటరు తప్పుపట్టకూడదని లేదు. అయినా దక్షిణంతో మీరు చేసిన పోలిక సరైనదే, ఆ తేడాను నేను మొదటి రాతలో గుర్తించలేదు, ఒప్పుకుంటున్నాను.

మధురవాడ గృహిణి గారి వాదనకు మాత్రం నా దగ్గర ఒక సందేహం మిగిలింది. 2024లో భీమిలి వాళ్ళ ముందున్న ప్రధాన ప్రత్యర్థి ముత్తంశెట్టి శ్రీనివాసరావు గారు. ఆయనా 2009లో ప్రజారాజ్యం నుంచి భీమిలి, 2014లో తెలుగుదేశం నుంచి అనకాపల్లి లోక్‌సభ, 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి మళ్ళీ భీమిలి గెలిచినవారే. ఇద్దరి దారీ ఒకటే అయినప్పుడు ఓటరు పాత లెక్కను ఎంతవరకు తూచినట్టు? పైగా ఆ ఎన్నికలో కూటమి 175కు 164 గెలిచింది. 92,401లో గాలి ఎంత, మనిషి ఎంత?

మధురవాడ గృహిణి:

గాలి గురించి అడిగారు కాబట్టి 2019 కూడా చూడాలి. వైఎస్సార్ కాంగ్రెస్ 151 గెలిచిన ఎన్నికలో, గాలి ఎదురుగా వీస్తుంటే, ఆయన మీ ఉత్తరంలో గెలిచారు. అదే ఎన్నికలో ఆయన వదిలి వెళ్ళిన భీమిలిని, సబ్బం హరి గారి వంటి మాజీ మేయరు, మాజీ ఎంపీ నిలబడినా, తెలుగుదేశం పోగొట్టుకుంది. గాలి ఒక్కటే గెలిపిస్తుందని చెప్పలేం, మనిషి ఒక్కడే గెలుస్తాడనీ చెప్పలేం. ప్రత్యర్థి కూడా అలాంటివారే అన్నది మాత్రం మా తప్పు కాదు, పార్టీలు ఎవరిని నిలబెడితే వాళ్ళ లోంచే మేము ఎంచుకోవాలి.

కూర్మన్నపాలెం ఉక్కు కార్మికుడు:

ఇంతమంది ఇంత రాశారు కానీ రాజీనామా మాటను ఎవరూ ముట్టుకోలేదు. మాకు ఆయన ప్రస్థానంలో ముఖ్యమైనది అదే.

2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ ఆర్థిక వ్యవహారాల సంఘం మా విశాఖ ఉక్కు కర్మాగారంలో నూటికి నూరు శాతం పెట్టుబడుల ఉపసంహరణకు సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ఆ వార్త బయటికి వచ్చిన రోజు రెండో షిఫ్టు దిగి బయటికి వస్తుంటే గేటు దగ్గర ఎవరూ సైకిలు స్టాండు వైపు కదలలేదు. గుంపులు గుంపులుగా నిలబడి ఫోన్లలో అదే వార్తను చదువుకుంటున్నారు. ఒక పెద్దాయన, కర్మాగారం కోసం భూమి ఇచ్చిన నిర్వాసిత కుటుంబం వాడు, చేతిలోని హెల్మెట్‌ను నేల మీద పెట్టి దాని మీదే కూర్చుండిపోయాడు. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలిస్తే, 1971లో శంకుస్థాపన జరిగితే, 1992లో జాతికి అంకితమైన కర్మాగారం ఇది. ఫిబ్రవరి 12న కూర్మన్నపాలెం కూడలిలో రిలే నిరాహార దీక్షలు మొదలుపెట్టాం.

మేము శిబిరం వేసుకోకముందే, ఫిబ్రవరి 6న, గంటా గారు శాసనసభ్యత్వానికి రాజీనామా ప్రకటించారు. మొదటి లేఖ నిర్ణీత నమూనాలో లేదన్న మాట వస్తే స్పీకర్ ఫార్మాట్‌లో మరొకటి ఇచ్చారు. ఆమోదించమని తర్వాత కూడా పలుమార్లు కోరారు. పార్టీ ఏదైనా, పదవిలో ఉన్న ప్రజాప్రతినిధి ఒకరు పదవిని బల్ల మీద పెట్టడం ఆ రోజుల్లో మాకు ఎంత ధైర్యాన్నిచ్చిందో నగరం నడిబొడ్డున ఉన్నవారికి అంత తెలియకపోవచ్చు. 2025 జనవరిలో కేంద్రం రూ. 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. దానితో మా కష్టాలన్నీ తీరాయని చెప్పను, ఒప్పంద కార్మికుల తొలగింపులు, వీఆర్‌ఎస్‌లు మా కళ్ళముందే జరిగాయి. అయినా ఆ నాలుగేళ్ళలో మాతో నిలబడినవారిని మేము మరచిపోలేం.

ఉత్తరం ఓటరు, అక్కయ్యపాలెం:

అన్నా, మీ మాటకు నా నమస్కారం. ఆ రాజీనామా ఉద్దేశాన్ని నేను శంకించడం లేదు. 1966లోనూ ఉక్కు కోసం శాసనసభ్యులు పదవులు వదిలిపెట్టారు, ఈ ఊరికి ఆ సంప్రదాయం ఉంది. నేను అడిగేది రాజీనామా ఇచ్చిన తర్వాత మా నియోజకవర్గానికి ఏమైందని.

ఆ రాజీనామాను అప్పటి స్పీకర్ తమ్మినేని సీతారాం గారు ఆమోదించింది 2024 జనవరిలో. ఎమ్మెల్యేలు ఓటు వేసే రాజ్యసభ ఎన్నికలు అప్పటికి నెల రోజుల దూరంలో ఉన్నాయి. దాదాపు మూడేళ్ళు మాకు శాసనసభ్యుడు ఉన్నట్టా, లేనట్టా? 2023 మార్చిలో శాసనమండలికి ఎమ్మెల్యేల కోటా ఎన్నిక జరిగినప్పుడు గంటా గారు ఓటు వేశారు, పంచుమర్తి అనురాధ గారు 23 ఓట్లతో గెలిచారు. వదులుకున్నానన్న పదవితో ఓటు వేయడం నాకు నచ్చలేదు. తీరా ఆమోదించాక ఆయన దానిని సవాలు చేస్తూ హైకోర్టుకు వెళ్ళారు. ఆమోదించమని అడిగినవారే ఆమోదిస్తే కాదనడం ఏమిటి?

ఒక చిన్న సంగతి చెబుతాను. 2022లో మా బావగారికి గుండె ఆపరేషన్ జరిగింది. ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు పెడితే ఎమ్మెల్యే సిఫార్సు లేఖ జతచేయడం వాడుక అని అందరికీ తెలుసు. దరఖాస్తు కాగితాలు, ఆసుపత్రి బిల్లులు డైనింగ్ టేబుల్ మీద పరుచుకుని ఇంటిల్లిపాదీ రెండు రాత్రులు కూర్చున్నాం. రాజీనామా చేసినవారి సంతకం చెల్లుతుందా, చెల్లదా, పక్క నియోజకవర్గం ఎమ్మెల్యేను అడిగితే బాగుంటుందా అని ఒకరినొకరు అడుక్కోవడమే కానీ జవాబు చెప్పగలిగినవారు లేరు. చివరికి బంధువులు డబ్బు సర్దారు, లేఖ కోసం ఎవరి దగ్గరకూ వెళ్ళనే లేదు. ఇందులో ఎవరి తప్పూ ఉందని అనను. కానీ ఎమ్మెల్యే ఉన్నారో లేరో తెలియని స్థితి సామాన్యుడి ఇంట్లో ఎలా ఉంటుందో చెప్పడానికి రాశాను.

లాసన్స్ బే న్యాయవాది:

ఇక్కడ బాధ్యతను విడదీసి చూడాలి. రాజ్యాంగం 190వ అధికరణం ప్రకారం శాసనసభ్యుడు స్పీకర్‌కు స్వయంగా రాసి రాజీనామా ఇస్తే సరిపోదు, స్పీకర్ దానిని ఆమోదించాలి. 1974లో 33వ సవరణ దానికి ఒక రక్షణ జోడించింది. రాజీనామా స్వచ్ఛందమైనది కాదని, నిజమైనది కాదని విచారణలో తోస్తే స్పీకర్ తిరస్కరించాలి. ఒత్తిడితో సంతకాలు పెట్టించే రోజులను చూసి పెట్టిన రక్షణ అది. అయితే ఎన్ని రోజుల్లో తేల్చాలో ఆ సవరణ చెప్పలేదు. ఆ ఖాళీలోనే మీ మూడేళ్ళు పోయాయి.

ఆ మూడేళ్ళలోనే తెలంగాణలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. ఈటల రాజేందర్ గారు 2021 జూన్ 12న రాజీనామా ఇచ్చారు, అదే రోజు ఆమోదం పొందింది, అక్టోబరు 30న హుజూరాబాద్‌లో ఉపఎన్నిక జరిగింది, ఆయన గెలిచారు. 2022 ఆగస్టు 8న కోమటిరెడ్డి రాజగోపాల్ రెడ్డి గారు రాజీనామా ఇచ్చిన రోజే ఆమోదించారు, నవంబరు 3న మునుగోడులో ఉపఎన్నిక జరిగింది, ఆయన ఓడారు. గెలిచినా ఓడినా అక్కడి ప్రజలు ఐదు నెలల్లోపే తమ మాట చెప్పారు. మన రాష్ట్రంలోనూ ఉపఎన్నికలు జరపలేని పరిస్థితి ఏమీ లేదు, హుజూరాబాద్‌తో పాటే బద్వేలులో ఎన్నిక జరిగింది, 2022 జూన్‌లో ఆత్మకూరులో జరిగింది.

ప్రజాప్రాతినిధ్య చట్టం 151ఎ సెక్షన్ ప్రకారం ఖాళీ ఏర్పడిన ఆరు నెలల్లో ఉపఎన్నిక జరపాలి, మిగిలిన పదవీకాలం ఏడాదికన్నా తక్కువైతే అవసరం లేదు. 2021 ఫిబ్రవరిలో ఆమోదిస్తే ఎన్నిక తప్పనిసరి అయ్యేది. 2024 జనవరిలో ఆమోదిస్తే ఎన్నిక ఉండదు, సభలో ఒక ఓటు తగ్గడం మాత్రమే ఉంటుంది. హైకోర్టుకు వెళ్ళడాన్ని ఈ కోణంలో చూడండి. ప్రజల ముందుకు వెళ్ళేందుకు ఇచ్చిన రాజీనామాను ప్రజల ముందుకు వెళ్ళే దారి మూసుకుపోయాక ఆమోదిస్తే, ఇచ్చినవారు అభ్యంతరం చెప్పడంలో వైరుధ్యం ఉందని నేను అనుకోను. మండలి ఎన్నికలో ఓటు కూడా అంతే. ఆమోదం వచ్చేదాకా ఆయన చట్టం దృష్టిలో సభ్యుడే, ఓటు వేయకుండా ఇంట్లో కూర్చుంటే మీ నియోజకవర్గం గొంతు ఆ మేరకు ఇంకా తగ్గేది.

చోడవరం మాస్టారు:

న్యాయవాది గారి వివరణ నాకు చాలా విషయాలు తేటపరచింది. ఒక్క చోట మాత్రం నేను ఆయనతో కలవలేను. ఆమోదించని స్పీకర్ తప్పు పెద్దది, సందేహం లేదు. కానీ ఆ మూడేళ్ళలో రాజీనామా చేసినవారు తన చేతిలో ఉన్న పని ఒకటి చేసి ఉండవచ్చు: ఆమోదం ఆలస్యమవుతున్నప్పుడే, మొదటి ఆరు నెలల్లోనే, న్యాయస్థానం తలుపు తట్టి ఉండవచ్చు. 2024లో తట్టిన తలుపు 2021లోనూ అక్కడే ఉంది. స్పీకర్ పరిధిలో కోర్టులు అంత సులభంగా కలగజేసుకోవని మీరు చెబుతారు, నిజమే కావచ్చు. తట్టి ఉంటే మాత్రం ఆ రాజీనామా మీద ఈ రోజు ఇన్ని సందేహాలు ఉండేవి కావు.

కూర్మన్నపాలెం ఉక్కు కార్మికుడు:

మాస్టారు గారి మాటలో న్యాయం ఉంది. అయితే మేము శిబిరంలో కూర్చున్న రోజుల్లో మా చూపు అంతా ఢిల్లీ మీదే ఉండేది, అమరావతిలో ఒక లేఖ ఏ బల్ల మీద ఉందో మేమూ పట్టించుకోలేదు. రాజీనామా చేసినందుకు ఆయనను శిబిరానికి పిలిచి దండలు వేశాం కానీ దానిని ఆమోదించమని మేము స్పీకర్ కార్యాలయానికి ఒక్క వినతిపత్రం పంపినట్టు నాకు గుర్తు లేదు. ఉపఎన్నిక జరిగి ఉంటే ఉక్కు మీద విశాఖ నడిబొడ్డున ప్రజాభిప్రాయం పెట్టినట్టు ఉండేది. ఆ అవకాశాన్ని మేమూ వదిలేశాం.

మధురవాడ గృహిణి:

ఉత్తరం ఓటరు గారిని ఒకటి సూటిగా అడగాలని ఉంది. 2024లో మీ స్థానం పొత్తులో బీజేపీకి వెళ్ళింది, విష్ణుకుమార్ రాజు గారు గెలిచారు, కాబట్టి గంటా గారిని తూచే అవకాశం మీకు రాలేదన్న మాట నిజమే. 2021లోనే ఆ రాజీనామాను ఆమోదించి, ఆరు నెలల్లో ఉపఎన్నిక వచ్చి, ఆయనే మళ్ళీ నిలబడి ఉంటే మీరు ఎవరికి వేసేవారు? ఇన్ని అభ్యంతరాలున్న మనిషి కాబట్టి అడుగుతున్నాను.

ఉత్తరం ఓటరు, అక్కయ్యపాలెం:

సూటిగానే చెబుతాను. 2019లో నేను ఆయనకు వేయలేదు. 1,944 ఓట్ల తేడా అని విన్న రోజున మా వీధిలో అందరికన్నా ఎక్కువ బాధపడింది నేనే. కానీ 2021లో ఉక్కు కోసం ఉపఎన్నిక వచ్చి ఉంటే, మా నాన్న పనిచేసిన కర్మాగారం కోసం పదవి వదులుకున్న మనిషిగా, ఆయనకే వేసేవాణ్ణి. మా ఇంట్లో నాలుగు ఓట్లు, నాలుగూ ఆయనకే పడేవి. ఓటరు కార్డులు బీరువాలోంచి తీసి టీవీ పక్కన పెట్టుకుని ఆ వేసవి అంతా ఎదురుచూశాం. ఆ ఎన్నిక రాలేదు.